చుక్క పడని చోటు

తెల్లకారు మీద తుప్పు చుక్కలు చూడగానే ఓనరు మొహం ఎర్రబడింది.

"కొత్త బండయ్యా ఇది! తట్టు పోసినట్టు ఒళ్లంతా ఈ చుక్కలేంటి?"

డ్రైవరు వంగి చూశాడు. బానెట్ మీద, తలుపుల మీద, చివరికి మెరిసే క్రోమ్ బంపరు మీద కూడా ఆవగింజ కంటే చిన్న ఎర్రచుక్కలు. వేలితో రుద్దితే పోలేదు. గోటికి గరుగ్గా తగిలాయి.

"మొన్న కడిగినప్పుడు ఇన్ని లేవు సార్."

"అంటే కొన్ని ఉన్నాయన్నమాట! చూసి కూడా నోరు మెదపలేదన్నమాట! ఏ ఉప్పునీళ్లతో కడిగావో, ఏ గోనెపట్టాతో తుడిచావో! సాయంత్రానికి ఇవి పోవాలి. ఎందుకు పడ్డాయో కూడా నాకు తేలాలి. లేదా, రేపటినుంచి నువ్వూ రావద్దు, నీ పెళ్లామూ రావద్దు."

ఆ ఆఖరి మాటకి డ్రైవరు షట్టరు గది వైపు చూశాడు. అతని భార్య ఆ ఫ్యాక్టరీలోనే ఆయా. పనికొచ్చే ఆడవాళ్ల పిల్లల్ని ఆ గదిలో పెట్టుకుని చూస్తుంది. ఒకప్పుడు లారీలు సరుకు దించిన గది అది. గట్టి స్లాబు, నాలుగువైపులా గోడలు. వాళ్ల పాప కూడా అక్కడే ఉంటుంది. దానికి ఆయాసం. కాస్త దుమ్ము తగిలితే చాలు, డొక్కలెగరేస్తుంది. వాళ్లుండేది మట్టిరోడ్డు పక్క రేకుల ఇల్లు. ఆ పిల్ల సుఖంగా ఊపిరి పీల్చేది పగటిపూట, ఆ గదిలోనే. ఉద్యోగం పోతే మరోటి చూసుకోవచ్చు. ఆ గది పోతే ఎక్కడ తేవాలి?

టీ వేళకి ఇనుము కోసే షెడ్డులోంచి బామ్మర్ది వచ్చాడు. కారును చూసి పకపకా నవ్వాడు.

"పాపం, నీళ్లనెందుకు ఆడిపోసుకుంటారు బావా! ఇదంతా మా షెడ్డు పుణ్యం. మేం ఇనుము కోస్తుంటే లేచిన పొడిని అదిగో, ఆ ఫ్యాను ఇటు ఊదుతుంది. ఆ పొడి వచ్చి రంగులో దిగబడుతుంది. రాత్రి మంచుకి తుప్పు పడుతుంది. అంతే."

"నవ్వింది చాల్లే. నా కొంప మునుగుతుంటే నీకు వేళాకోళంగా ఉందా?"

"నీ బండికేనా? నా చొక్కాలు చూడు, జల్లెడలైపోయాయి." పాత స్పీకరులోంచి పీకిన అయస్కాంతం ఒకటి జేబులోంచి తీసిచ్చాడు. "ఓనరు నమ్మకపోతే దీంతో చూపించు."

అది చేతిలో పడగానే డ్రైవరు కారు దగ్గరికి వెళ్లలేదు. షట్టరు గదికి పరిగెత్తాడు. పాప పడుకున్న చాప మీద, గోడవార, కిటికీ గట్టు మీద అయస్కాంతాన్ని తిప్పి తిప్పి చూశాడు. ఒక్క రేణువు అంటలేదు.

"మతిపోయిందా ఏంటి, చాపలకి ఇస్త్రీ చేస్తున్నావ్?" అంది భార్య.

"ఏం లేదు. బతికాం," అన్నాడు. అప్పటికి అతనికి ప్రాణం కుదుటపడింది.

ఇక బండి మీద పడ్డాడు. రంగులో దిగిన మురికిని లాగేందుకు కార్ల షాపులో అమ్మే బంకముద్దను సబ్బునీళ్లలో తడిపి, జానెడు జానెడు చొప్పున రంగు మీద జార్చాడు. నొక్కితే గీత పడుతుంది, నొక్కకపోతే చుక్క కదలదు. ముద్ద ఎర్రబడ్డప్పుడల్లా మడిచి పిసికాడు. పొట్లాలు కట్టే వెండి కాగితాన్ని ఉండ చుట్టి, నీళ్లు చల్లుతూ బంపరు తోమాడు. వేళ్లు నానిపోయాయి, నడుం పట్టేసింది. భార్య వచ్చి తినమని గొడవ చేసినా లేవలేదు.

సాయంత్రం ఓనరు వచ్చేసరికి కారు పాలలో ముంచి తీసినట్టుంది. అద్దం కింద మిగిలిన పొడిని డ్రైవరు తెల్లగుడ్డలోకి తుడిచి, అయస్కాంతం దగ్గర పెట్టాడు. నల్లటి పొడి లేచి అతుక్కుంది.

"ఇది నీళ్ల తప్పు కాదు సార్. పైనుంచి పడే ఇనుము. పడి ఊరుకోదు, లోపలికి దిగి కొరుక్కు తింటుంది."

ఓనరు అదిరిపడ్డాడు. "అమ్మో! రోజూ పడుతుందా?"

"షెడ్డు నడిచినంతసేపూ పడుతుంది సార్. ఆ ఫ్యాను అటు తిప్పించేస్తే..."

"దానికి పని ఆపాలి. ఇప్పుడు కుదరదు. పోనీ, పైన రేకులు వేయిస్తే?"

"గాలికి పక్కలనుంచి వస్తుంది సార్. చుట్టూ గోడలుండాలి."

జ్వరమొచ్చిన పిల్ల నుదురు నిమిరినట్టు ఓనరు బానెట్ నిమిరాడు. "దీన్నిలా తినేస్తుంటే చూస్తూ ఎలా ఊరుకుంటాం? మొత్తం ఆవరణలో ఈ పొడి పడని చోటే లేదా?"

టీ వేళనుంచి గుండెల్లో దాచుకున్న సంతోషం ఆపుకోలేక డ్రైవరు అనేశాడు. "ఎందుకు లేదు సార్! మా పిల్లల గది ఉందిగా. నేనే చూశాను, అయస్కాంతం పెట్టినా రవ్వంత అంటలేదు."

"శభాష్! నీ ఉద్యోగానికి ఢోకా లేదు పో!" ఓనరు అతని భుజం తట్టాడు. పాపను ఎత్తుకుని గుమ్మంలో నిలబడ్డ ఆయా మొహం విప్పారింది. "రేపటినుంచి బండి ఆ గదిలో పెట్టు."

డ్రైవరు పాప వైపు చూశాడు. "మరి... పిల్లలు సార్?"

"బండి తీస్తే ఇక్కడ ఖాళీయే కదయ్యా! చాపలు ఇక్కడ వేయించు."