కొండదారికి కొత్త బ్రేకులు

"తొక్కు గంగులన్నా... ఇంకోసారి తొక్కు... ఆఁ, అట్నే పట్టుకో. వదలబాక!"

కారు కింద నుంచి సైదావలి కేకేశాడు. డ్రైవరు సీట్లో గంగులయ్య బ్రేకు పెడలు అదిమిపట్టి కూర్చున్నాడు. వెనక చక్రం దగ్గర మర వదులు చేయగానే సన్నటి గొట్టంలోంచి నూనె బుడబుడమంటూ గాజుసీసాలోకి దిగింది. బుడగలు ఆగేదాకా ఇలా తొక్కుతూనే ఉండాలి. పైపులో రవ్వంత గాలి మిగిలినా బ్రేకు పట్టదు.

నెల్లూరు ట్రంకు రోడ్డు పక్కన రేకుల షెడ్డు అది. బుచ్చిరెడ్డిపాలెం రైసుమిల్లు యజమాని సంజీవరావు కారు మూడు రోజులుగా అక్కడే ఉంది. మద్రాసులో ఎవరిదో విదేశీ కారు దెబ్బతిని తుక్కుకొస్తే, దాని ముందు చక్రాల డిస్కు బ్రేకులు ఏరికోరి కొనుక్కొచ్చాడాయన. వెనక పాత డ్రమ్ములే. రెంటికీ నూనె అందించే పైపులన్నీ సైదావలి కొత్తగా వంచి వేశాడు. అలాంటి పని చుట్టుపక్కల ఎవరూ చూసి ఎరగరు. దారినపోయే లారీ డ్రైవర్లు కూడా ఆగి, వంగి చూసి పోతున్నారు.

"పెళ్లాం మీద ఎంత ప్రేముంటే ఇంత చేస్తాడయ్యా!" అన్నాడొకడు.

రేపు పొద్దున సంజీవరావు రెండో భార్య వెంకటశేషమ్మ తిరుమల కొండకు పోతోంది. ఆమె తండ్రికి ఒక్కతే కూతురు. మిల్లు ఆమెతోబాటు వచ్చిందే. సంజీవరావుకు పని తెమలదు, రాలేడు. కారు నడిపేది గంగులయ్య.

ఆ మాట తలచుకుంటేనే గంగులయ్యకు అరికాళ్లు చల్లబడుతున్నాయి.

మూడేళ్ల కిందట కృష్ణపట్నం దారిలో, ముత్తుకూరు దాటాక, ఇదే కారు కాలవలో పడింది. వెనక సీట్లో ఉన్నది సంజీవరావు మొదటి భార్య కామమ్మ. గంగులయ్య ఈదుకుంటూ బయటపడ్డాడు. ఆమె బయటికి రాలేకపోయింది. బ్రేకు పట్టలేదని అతను నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. కారును విప్పి చూసిన సైదావలి, బ్రేకుల్లో ఏ లోపమూ లేదని కోర్టులో చెప్పాడు. రెండేళ్ల శిక్ష పడింది. జైల్లో ఉండగానే గంగులయ్య భార్య పేరమ్మ జ్వరంతో పోయింది. అతనికి కడచూపు కూడా దక్కలేదు.

బయటికొచ్చినవాడికి ఊళ్లో ఎవరూ ఎద్దులబండి కూడా అప్పగించలేదు. సంజీవరావే పిలిపించి భుజం మీద చెయ్యేశాడు. "మనిషిని నమ్మకపోతే ఎట్టరా? రేపట్నించి కారెక్కు," అన్నాడు. గంగులయ్య ఆయన కాళ్ల మీద పడి ఏడ్చాడు. సంజీవరావు మనిషి కాదు, దేవుడని ఊరంతా చెప్పుకుంది.

సీసాలో బుడగలు ఆగాయి. సైదావలి మర బిగించి కారు కింద నుంచి లేచాడు.

"భాయ్, ఒక మాట అడగతా. కోప్పడబాక," అన్నాడు గంగులయ్య. "ఆ పొద్దు నేను బ్రేకు తొక్కినానా, లేదా? పెడలు నేలకు తగిలిందాకా తొక్కినట్టే గుర్తు. నువ్వేమో బ్రేకులు బాగుండాయంటివి. నువ్వు అబద్ధం చెప్పే మనిషివి కాదు. అంటే, బెదిరిపోయి నేనే తొక్కలేదన్నమాట."

సైదావలి గుడ్డతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. "అయిపోయిందాన్ని ఎందుకన్నా తవ్వుకుంటావు?"

"తవ్వుకోకుండా ఎట్టుండేది? కామమ్మగారిని చంపింది ఈ కాలే." గంగులయ్య కుడి తొడ మీద చరుచుకున్నాడు. "ఈ తల్లికన్నా ఏమీ కాకూడదు. ఇంకోసారి చూడు భాయ్, నీకు పుణ్యముంటది."

సైదావలి మళ్లీ కారు కిందికి దూరాడు. అక్కడి నుంచే చెప్పాడు: "డ్రమ్ములకు పెడలు వదిలినాక గూడా పైపులో కొంచెం ఒత్తిడి నిలవాల. డిస్కులకు నిలవగూడదు. నిలిస్తే రాసుకోని, కాగి, దిగుడులో చేతులెత్తేస్తాయి. అందుకే ఒత్తిడి నిలిపే బిళ్ల వెనక పైపుకు మాత్రమే పెట్టినా. నా పనిలో వంక ఉండదు."

పొద్దు వాలే వేళకు సంజీవరావు వచ్చాడు. ముగ్గురూ కారెక్కి పెన్న వంతెన వైపు పోయారు. వంతెనకు ఇవతల ఒక బర్రె ఉన్నట్టుండి రోడ్డు మీదికి ఉరికింది. గంగులయ్య ఒళ్లు జలదరించింది. కాలు మాత్రం తడబడలేదు. కారు గీత గీసినట్టు నిలిచింది. బర్రె తోక ఊపుకుంటూ దాటిపోయింది.

"పట్టింది దొరా!" అన్నాడతను. "తొక్కినా! నా కాలు తొక్కింది దొరా!"

"నాకు తెలుసు లేరా," అని సంజీవరావు వీపు తట్టాడు.

షెడ్డుకు తిరిగొచ్చాక గంగులయ్యను టీకి పంపాడు. టీకొట్టు నాలుగడుగుల దూరమే. మూడు గ్లాసులు పట్టుకుని వస్తూ గంగులయ్య, రేపు కొండ మీద తలనీలాలు ఇవ్వాలనుకున్నాడు. కామమ్మగారి పేర ఒకసారి, పేరమ్మ పేర ఒకసారి దండం పెట్టుకోవాలి. మూడేళ్ల తర్వాత మొదటిసారి అతనికి గుండె నిండా ఊపిరాడింది.

షెడ్డు తలుపు దగ్గరగా వేసి ఉంది. మోచేత్తో నెట్టబోయి ఆగాడు. లోపల సంజీవరావు మాట్లాడుతున్నాడు. ఆ గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది.

"కొత్త బ్రేకులేయించినానని ఊరంతా చూసింది. అది చాలు.

"ఇంక కామమ్మప్పుడు చేసినట్టే పైపు అరగదియ్యి, సైదావలీ."