చప్పుడు కాని నడకలు

ప్రతి మంగళవారం మధ్యాహ్నం రెండింటికి, పెయ్‌లాన్ గురక మొదలవగానే, దెషాన్ బూట్లు చేతపట్టుకుని ఇంట్లోంచి జారుకుంటాడు. నాలుగింటికి తిరిగొచ్చేసరికి కూడా భార్య గురక అదే జోరులో ఉంటుంది. అడిగితే చెప్పడానికి పార్కులో చదరంగం అనే సాకు ఉంది. ఇంతవరకూ ఆవిడ అడగనేలేదు.

అసలు సంగతి ఇంగ్లీషు. నలభై ఏళ్ళ క్రితం, పెళ్ళి కుదిర్చిన పెద్దావిడ ముందు, తనకి ఇంగ్లీషు గడగడా వచ్చని కోతలు కోశాడు. పెయ్‌లాన్ మురిసిపోయి ఒప్పుకుంది. చైనాలో, వాళ్ళుండే చెంగ్డులో ఆ అబద్ధానికి ఇన్నాళ్ళూ పనే పడలేదు. ఇప్పుడు పడింది. మే నెలలో వీధివాళ్ళంతా లండన్ వెళుతున్నారు. దెషాన్ ఉండగా దుబాసీ ఎందుకని అందరూ కలిసి తీర్మానించారు. ఆ మాట విన్నప్పటినుంచి అతనికి అన్నం సయించడం లేదు.

గుట్టుగా ఇంగ్లీషు నేర్చుకుందామంటే, రిటైరైనవాళ్ళకి పాఠాలు చెప్పే వృద్ధుల కళాశాలలో సీటంటే మాటలు కాదు. తెల్లవారకముందే మడతకుర్చీలు వేసుకుని వరసలో కూర్చుంటారు. దెషాన్ బద్ధకించి పదకొండింటికి వెళ్ళాడు. ఆ రోజు పెయ్‌లాన్ తాజా చేపలకని చీకటితోనే వెళ్ళింది కాబట్టి, ఇల్లు కదలడం తేలికైంది. గుమస్తా జాబితా చూసి, పేరు ఉందిగా, వెళ్ళి కూర్చోమన్నాడు. ఇదే పేరున్న ఇంకో ముసలాయన సీటు తనకొచ్చిందనుకుని దెషాన్ నోరు మెదపలేదు. ఇంటికొస్తే పెయ్‌లాన్ చేపలు లేకుండానే తిరిగొచ్చి, నడుం పట్టేసి మూలుగుతోంది. దెషాన్‌కి మాత్రం అన్నీ కలిసొచ్చాయి. కిర్రుమనే వీధితలుపు కూడా ఆ వారమే కిర్రుమనడం మానేసింది.

ఈ మంగళవారం కువాంగ్ టీచరు దొంగనడకల పాఠం చెప్పింది. మన భాషలో నడకకి ముందు ‘దొంగచాటుగా’ అని తగిలిస్తే సరిపోతుంది. ఇంగ్లీషువాళ్ళకి ఒక్కో దొంగనడకకీ ఒక్కో మాట. పిట్ట మీదికి పిల్లి వెళ్ళినట్టు వెళితే క్రీప్. మునివేళ్ళ మీద నడిస్తే టిప్‌టో. ఎవరి కంటా పడకుండా దూరితే స్నీక్. తప్పుచేసి తలొంచుకుని జారుకుంటే స్లింక్. దెషాన్ లేచి నాలుగూ నడిచి చూపించాడు. తరగతంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది.

“ఇంత బాగా ఎక్కడ నేర్చుకున్నారండీ?” అంది టీచరు.

“ఇంట్లోనేనమ్మా. మా ఆవిడకి ఈ రోజుకీ తెలీదు.”

టీచరు ముచ్చటపడి అరగంట ముందే వదిలేసింది. ఇంటికి వెళ్ళేటప్పుడు ఏదో ఒక నడక సాధన చెయ్యమంది.

దెషాన్ టిప్‌టో ఎంచుకున్నాడు. గుమ్మం బయటే బూట్లు విప్పి చేతపట్టుకుని, తలుపు తోసి, మునివేళ్ళ మీద పడకగది దాకా వచ్చాడు. గురక వినపడలేదు. లోపలికి తొంగిచూస్తే మంచం ఖాళీ.

పెయ్‌లాన్ చేతులు తుడుచుకుంటూ వంటగదిలోంచి వచ్చింది. అతను చదరంగం అనబోయాడు. ఆవిడ గడియారం కేసి చూసింది, అతని చేతిలోని బూట్ల కేసి చూసింది, విసుక్కుంది.

“చెప్పాపెట్టకుండా క్లాసు ఇంత ముందుగా వదిలేస్తే ఎలాగండీ, నేనింకా గురక పెట్టడానికి పడుకోనేలేదు.”