క్యాలెండర్ మీది నంబరు

యెహెజ్కేలు కంప్యూటర్‌లో నెట్ రావడానికి ఇవ్వాల్సిన ఐపీ అడ్రస్ నంబరు నాలుగోసారి కొట్టాడు. ఈసారీ కనెక్ట్ కాలేదు.

"ఏందే గిది! నెట్ కనెక్షన్ పెట్టినాయన చర్చి క్యాలెండర్ మీద రాసిపోయిన నంబరే కొడుతున్న గదా! నీ రిజల్ట్ ఎప్పుడు చూడాలె?"

"ఫోన్ల గూడ సైట్ ఓపెన్ అయితలే డాడీ," అంది కూతురు సాధన తలెత్తకుండా. ఏడాదిగా దిల్‌సుఖ్‌నగర్‌లో పోటీ పరీక్షల కోచింగ్‌కు పోతోంది.

అతను విసురుగా క్యాలెండర్‌ను మేకు నుంచి లాగి కళ్లద్దాల దగ్గర పెట్టుకున్నాడు. ఆ నంబరులో చివరి ఒకటిని ఎవరో ఏడుగా దిద్దారు. ఏడుకు నడుమ అడ్డగీత. అలా గీసేది ఇంట్లో సాధన ఒక్కతే.

కంప్యూటర్‌లో ఏడు తీసి ఒకటి కొట్టాడు. నెట్ వచ్చింది.

వెంటనే చెరిపేసి మళ్లీ ఏడు కొట్టాడు.

"ఇయ్యాల ఇగ నెట్ రాదు బిడ్డా. లే, అన్నం తిందాం."