సీసా మీది బొమ్మ

"కొబ్బరికాయ," అంది కామమ్మ, అట్టను దూరంగా పట్టుకుని చూస్తూ.

"మరి కింద ఎముకలో?" అని అడిగింది కరుణాకుమారి.

"ఎముకలేంది, కట్టెపుల్లలు. కాయను కాల్చుకొని తినమంటుండారా అమ్మా?"

అరుగు మీది ఆడవాళ్ళంతా విరగబడి నవ్వారు. కరుణాకుమారికి మాత్రం నవ్వు రాలేదు. పురుగుల మందు మీద పుర్రె బొమ్మ వేస్తే ప్రపంచంలో ఎవరికైనా అర్థమవుతుందని సమితి ఆఫీసులో పై అధికారి రంగనాయకులుగారు బల్ల గుద్ది చెప్పారు. ఆయన ప్రపంచంలో బోగోలు పక్కనున్న ఈ పల్లె లేనట్టుంది.

ఆమె గ్రామసేవిక. సొంత ఊరు నెల్లూరు. వరికి కొట్టే మందు ఈమధ్యే ఈ పల్లెలకు వచ్చింది. పెద్ద డబ్బాలోంచి ఎవరి సీసాలో వాళ్ళు పోయించుకుని ఇంటికి తెచ్చుకుంటున్నారు. పోయిన పంటకు పక్క ఊళ్ళో ఒక ముసలామె కషాయమనుకుని తాగి చనిపోయింది. అక్షరం రానివాళ్ళు చూడగానే చెయ్యి వెనక్కి తీసుకునే బొమ్మ కావాలి. అదేమిటో వాళ్ళనే అడిగి గీస్తానని కరుణాకుమారి పట్టుబట్టింది. నాట్లు పూర్తయ్యేలోగా తేల్చకపోతే పుర్రెనే అచ్చు వేయిస్తామన్నారు.

నవ్వనిది ఇంకొకరున్నారు. పేరమ్మ. ఆమె భర్త ముత్యాలయ్య రైతుల చేలకు మందు కొట్టే కూలి. మందు సీసా ఎప్పుడూ వాళ్ళింట్లోనే ఉంటుంది.

"మా ఆయనకి తెలిసే బొమ్మ కావాల కరుణమ్మా," అంది పేరమ్మ. "దొంగసారా దొరక్కపోతే ఆయన మనిషి కాడు. ఇంట్లో ఏ సీసా కనబడినా మూత పీకి ఎత్తిపోసుకుంటాడు. మొన్న కిరసనాయిలు తాగబోయినాడు."

"వాసన తెలియదా?"

"ఈడ కాసే సారా అంతకన్నా కంపు."

పేరమ్మ ఎడమ కన్ను కింద కమిలిపోయి ఉంది. ఏమైందని అడిగితే గుమ్మం తగిలిందంది. పోయినసారి మోచేతికీ గుమ్మమే తగిలింది. ఇంత జరుగుతున్నా మొగుడి ప్రాణం గురించే ఆమె పడే ఆరాటం చూస్తే కరుణాకుమారికి జాలీ కలిగింది, ఒళ్ళూ మండింది.

మళ్ళీ వచ్చినప్పుడు పడగ విప్పిన పామును గీసుకొచ్చింది. ఆడవాళ్ళు దాన్ని కళ్ళకద్దుకున్నారు.

"నాగేంద్రస్వామి! సీసాకి పసుపు కుంకుమ పెట్టి దేవుడి గూట్లో పెట్టుకుంటాం తల్లా," అంది కామమ్మ.

పేరమ్మ ఆ అట్టను ఇంటికి పట్టుకెళ్ళింది. భర్త ఏమన్నాడో మర్నాడు వచ్చి చెప్పింది. "దండం పెట్టుకున్నాడు."

మూడో బొమ్మ మీద కరుణాకుమారి చాలా ఆశ పెట్టుకుంది. ఒక మనిషి వెల్లకిలా పడి చచ్చిపోయి ఉంటాడు, పక్కన సీసా దొర్లి ఉంటుంది. ఇంతకన్నా తేటగా ఇంకేం చెప్పాలి?

"తాగి పడినోడు!" అని అందరూ ఒక్కసారే అరిచారు.

"అచ్చం మన ముత్యాలయ్యే!"

"వాడు చచ్చిపోయాడమ్మా!" అంది కరుణాకుమారి ఏడుపు గొంతుతో.

"చచ్చినోడు అంత సుఖంగా పడుకుంటాడా?" అంది కామమ్మ.

పేరమ్మ ఆ అట్టనూ ఇంటికి పట్టుకెళ్ళింది. మర్నాడు దాన్ని తిరిగిస్తూ మెల్లగా చెప్పింది. "కొత్త సారానా, యాడ అమ్ముతుండారు అని అడిగినాడమ్మా. అట్టను వాసన కూడా చూసినాడు."

కరుణాకుమారి దాన్ని గబుక్కున లాక్కుంది. ఈ బొమ్మే అచ్చయి ఉంటే ఎంతమందిని తన చేతులతో చంపి ఉండేది! అట్టను సంచి అడుక్కి తోసేసింది.

"ఇంక నాకు చేతకాదు. మీరే చెప్పండి. దేన్ని చూస్తే మీకు గుండె ఝల్లుమంటుంది?"

ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి కామమ్మే నోరు తెరిచింది.

"పాడె."

కరుణాకుమారి వాళ్ళు క్రైస్తవులు, శవాన్ని పెట్టెలో పెడతారు. అందుకే ఈ సంగతి ఆమెకు తట్టనే లేదు. అక్కడే కూర్చుని గీసింది. నలుగురు మోస్తున్న పాడె, ముందు నిప్పు కుండ. గీస్తుండగానే అరుగు మీద మాటలు ఆగిపోయాయి. ఒకామె చంటిబిడ్డను కొంగు చాటుకు లాక్కుంది.

"ఇట్టాంటిదాన్ని ఇంట్లో పెట్టుకోం తల్లా. చూరు బయట పెడతాం," అంది కామమ్మ.

"నాకు కావలసింది అదే!"

ఎప్పటిలాగే పేరమ్మ పట్టుకెళ్ళింది. మర్నాడు వచ్చి కరుణాకుమారి పక్కన కూర్చుంది.

"గడప బయటికి ఇసిరికొట్టినాడు. మళ్ళీ దాని పక్కకి పోలేదు."

కరుణాకుమారికి కళ్ళు చెమర్చాయి. ఆమె పేరమ్మ రెండు చేతులూ పట్టుకుంది. "ఈ బొమ్మే అచ్చు వేయిస్తాం. నీ వల్లే తేలింది పేరమ్మా. నీ మొగుణ్ణి నువ్వే కాపాడుకున్నావు."

పేరమ్మ చేతులు వెనక్కి తీసుకుంది. సంచి వైపు చూస్తూ అడిగింది.

"ఆ తాగినోడి బొమ్మ ఉండాదా, పారేసినావా?"

"ఉంది. నీకెందుకు?"

"మా ఆయనకి ఫోటో లేదు. అచ్చం ఆయన మాదిరే ఉండాడని అందరూ అంటుండారు గదా. ఇస్తే అంటించుకుంటా."

కరుణాకుమారికి నవ్వొచ్చింది. ఇన్ని వారాల్లో మనసారా నవ్వడం అదే మొదలు. బొమ్మ తీసి ఇచ్చింది. చుట్టూ ఉన్న అట్టను కత్తిరించింది. ఊడిపోకుండా ఉంటుందని తన దగ్గరున్న జిగురు కూడా కాస్త ఆకులో పెట్టి ఇచ్చింది.

"జాగ్రత్తమ్మా, చూస్తే మళ్ళీ సారా అనుకుంటాడేమో," అంది నవ్వుతూనే.

పేరమ్మ కూడా కొంచెం నవ్వింది. బొమ్మను కొంగులో దాచుకుని ఇంటిదారి పట్టింది.

పొద్దుగూకేలోగా దాన్ని పురుగుల మందు సీసాకు అంటించింది.