కినుయె చెయ్యెత్తితే

జపాన్ కొండల్లో మూతపడ్డ ఓ రైల్వే స్టేషన్‌లో ఒకప్పటి స్టేషన్ మాస్టర్ కినుయె కాపురముంటోంది. ఏడాదిపాటు ఒక్క రైలూ ఆగకపోతే స్టేషన్‌ని కూల్చేస్తారట. ఆ గడువు రేపటితో సరి. డ్రైవర్లు లేని రైళ్లు మాత్రం దూసుకుపోతూనే ఉన్నాయి.

ఆవిడ ప్లాట్‌ఫారం మీద బట్టలు ఆరేస్తోంది. ప్రతిదీ వేలెత్తి చూపి, పైకి చెప్పి సరిచూసుకోవడం అక్కడి రైల్వేవాళ్ల అలవాటు.

"దుప్పటి ఓకే! తువ్వాలు ఓకే!" అంటూ చెయ్యెత్తిందో లేదో, వస్తున్న రైలు కీచుమని ఆగింది. స్టేషన్ మాస్టర్ సైగ చేసిందనుకుంది కాబోలు! జనం బిలబిలా దిగి, ఆవిడ ఊరబెట్టిన ముల్లంగి ముక్కలు రుచి చూస్తూ కబుర్లలో పడ్డారు.

చివరికి రైలే అడిగింది: "స్టేషన్ మాస్టర్ గారూ, బయల్దేరమంటారా?"

ఆ పిలుపు విని ఎన్నేళ్లయిందో! కినుయె తడిచేతులు తుడుచుకుని నిటారుగా నిలబడింది.

"ఆగు నాయనా, టీ ఇంకా మరగలేదు."