గదిలో మగగొంతు

"పొద్దుట్నించీ మీ ఇంట్లో ఎవరో మగమనిషి గొంతు వినిపిస్తోంది బాబూ. నాకెందుకులే," అంటూనే పక్కింటి పిన్నిగారు చెప్పాల్సిందంతా చెప్పేసింది.

వెల్డరు చెప్పులు కూడా విప్పలేదు. జ్వరమని మధ్యాహ్నానికే షాపునుంచి వచ్చేశాడు. ఆ మాటతో జ్వరం ఎటు పోయిందో పోయింది. వరండాలో ఇనపకడ్డీ చేతికందింది.

భార్య గది లోపల గడియ వేసి ఉంది. ఆమె పాటపిట్టల మీద పరిశోధన చేస్తుంది. ఎప్పుడూ పిట్టల కూతలే వినిపించే ఆ గదిలో ఇవాళ ఎవడో వెన్న పూసినట్టు మాట్లాడుతున్నాడు.

"నీ నవ్వు వింటే నాకు ఆ పూట అన్నం అక్కర్లేదు."

అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది.

మొన్ననే ఆమె చెప్పింది. "జతకట్టే సీజన్లో మగపిట్ట ఒంట్లో హార్మోన్ పొంగుతుంది. దాన్ని పాడించేదీ అదే, పొడిపించేదీ అదే. ఇంకో పాట చెవిన పడితే చాలు, ఎవరిదని చూడదు, మీదపడి చంపేస్తుంది. అలా కొట్లాడినవాటికే చోటు దక్కింది, వాటి సంతానమే మిగిలింది."

"చూశావా, మగపుట్టుకే అంత," అని అతను మీసం మెలేశాడు.

"పిల్లల్ని సాకే వేళకి పిట్టకి ఆ పొంగు దిగిపోతుందండీ," అంది ఆమె, వాచిన చెంప తడుముకుంటూ.

"తలుపు తియ్యి," అని అరిచాడిప్పుడు.

"ఒక్క నిమిషమండీ..."

"నీ మీద ఈగ కూడా వాలనివ్వను," అంటున్నాడు లోపలివాడు తాపీగా.

మూడో తన్నుకి గడియ ఊడింది. అడ్డొచ్చిన భార్యను కడ్డీతోనే పక్కకి కొట్టాడు. ఆమె నుదురు చిట్లింది. మంచం కింద పొడిచాడు, తెర చింపాడు, బీరువా పడదోశాడు. కిటికీకి ఊచలున్నాయి. మనిషి జాడ లేదు. బల్లమీద పాత టేప్‌రికార్డరు తిరుగుతోంది.

"క్యాసెట్లు కూడా పంపుతున్నాడా? ఎవడు వాడు? ఇవాళ వాడి పీక పిసికేస్తాను." జుట్టు పట్టుకుని ఆమె తలను గోడకేసి కొట్టాడు.

రక్తం కళ్ళలోకి కారుతున్నా ఆమె ఏడవలేదు.

"వెళ్ళిపోవాలా ఉండాలా తేల్చుకోలేక పొద్దుట్నించీ వింటున్నా. పన్నెండేళ్ళుగా ఈ మనిషి కోసమే ఈ ఇంట్లో ఉన్నాను. ఇక రాడని ఇప్పుడు తెలిసింది."

"పేరు చెప్పు."

ఆమె క్యాసెట్ తీసి అతని చేతిలో పెట్టి, కొంగుతో నుదురు అదుముకుని, గేటు దాటి వెళ్ళిపోయింది. అతను దాన్ని తిప్పి చూశాడు. చీటీ మీద వాళ్ళ పెళ్ళికి నెల ముందటి తేదీ ఉంది.

ఆ గొంతు అతనిదే.