నెత్తి మీద చెయ్యి

"ఏం పేరు నీది?"

"సైదులు."

"సయ్యదా?"

"సయ్యద్ కాదన్నా. సైదులు."

చెంప మీద దెబ్బ పడింది. సైదులు చేతిలోని చెరుకు గడ జారి మోరీలో పడింది.

వచ్చినవాళ్ళు ఐదుగురు. మూడు బైకులు తెచ్చి బోయిగూడ రోడ్డు పక్కన, సైదులు చెరుకు రసం బండికి అడ్డంగా పెట్టారు. ముందున్నవాడు తిరుమల్. ఎక్కడో ఉత్తరాన ఉగ్రవాదులు యాత్రికుల బస్సు ఆపి, పేర్లడిగి కాల్చి చంపి నాలుగు రోజులైంది. చనిపోయినవాళ్ళ ఫొటోలతో ఫ్లెక్సీ ఒకటి ఎదుటి స్తంభానికి కట్టి ఉంది. పొద్దున్నుంచి ఆ రోడ్డులో రెండు దుకాణాలు పగిలాయి.

"అక్కడ పేరడిగి కాల్చిన్రు. మేం ఉత్తగ పేరే అడుగుతున్నం. సీదా చెప్పనీకి ఏం తక్లీఫ్?" అన్నాడు తిరుమల్.

"నేను హిందువునే అన్నా. మా అమ్మకు పిల్లలు నిలవకపోతే జాన్‌పహాడ్ దర్గాల మొక్కింది. గందుకే సైదులని పెట్టిన్రు. మా దిక్కు ఇంటికొక సైదులుంటడు."

"ఊరు ఊరంత సయ్యదులేనా?" అన్నాడు వెనక నుంచి పృథ్వీ. మిగతావాళ్ళు నవ్వారు.

"ఆధార్ చూపియ్," అన్నాడు తిరుమల్.

"ఇంట్లుంది. సీతాఫల్‌మండిల."

"ఫొటో తెప్పియ్."

సైదులు భార్యకు ఫోన్ చేశాడు. "బాలమ్మా, నా ఆధార్ ఫొటో కొట్టి పంపు. జల్ది."

"నాకు పంపనీకి వస్తదా? పక్కింటి కల్పలతను పిలుస్త, ఆగు. ఏమైంది?"

"ఏం గాలే. పంపు."

తిరుమల్ ఫోన్ లాక్కొని జేబులో వేసుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది సైదులుకు. కార్డు మీద తన పేరొక్కటే ఉండదు, తండ్రి పేరు కూడా ఉంటుంది. నానమ్మ పీర్ల పండగలో పీరీలకు మొక్కి పెట్టిన పేరు. ఉసేను.

కార్డు వచ్చేలోపు వీళ్ళు వెళ్ళిపోవాలి. లేకపోతే బండి మిగలదు. బండి వెనక తనూ మిగలడు.

"నిలబడి ఏం చూస్తున్నవ్? ఐదు గ్లాసులు తియ్."

"నిమ్మకాయ సుత పిండు, సయ్యద్ భాయ్," అన్నాడు పృథ్వీ.

సైదులు ఇంజిన్ వేశాడు. డీజిల్ ఇంజిన్ డగడగలాడింది. చక్రానికి కట్టిన గజ్జెలు మోగాయి. తిరుమల్ పక్క దుకాణంలోకి నడిచాడు.

అది రాజు టైలర్స్. పేరు బోర్డు మీదే ఉంది కాబట్టి టైలర్‌ను ఎవరూ పేరడగలేదు. రజాక్ రాజు అయి ఇరవై ఏళ్ళు. ఆ వరుసలో ఈ సంగతి తెలిసినవాడు సైదులు ఒక్కడే. సైదులు తండ్రి పేరు తెలిసినవాడు రాజు ఒక్కడే. నిరుడు ఉసేను దినాలకు వచ్చి బంతిలో కూర్చొని తిన్నాడు.

గజ్జెల చప్పుడులో మాటలు వినపడలేదు. సైదులు పిప్పిని మడిచి మళ్ళీ మిషన్‌లోకి తోస్తూ అటే చూశాడు. తిరుమల్ ఏదో అడిగాడు. రాజు తల అడ్డంగా ఊపాడు. బండి వైపు వేలు చూపించాడు. తర్వాత అరచేయి ఎత్తి నెత్తి మీద బోర్లించుకున్నాడు.

టోపీ, అనుకున్నాడు సైదులు. వాడు టోపీ పెడతాడని చెబుతున్నాడు. నన్ను పట్టిచ్చి తాను బయటపడుతున్నాడు.

మిగతా నలుగురూ తాగి గ్లాసులు పెట్టేసరికి తిరుమల్ బయటికి వచ్చాడు. సైదులు వైపు చూడలేదు. నేరుగా బైకు దగ్గరికి వెళ్ళాడు. సీటు పక్కన జెండా కర్ర కట్టి ఉంది. అతని చెయ్యి అటు పోయింది.

సైదులు ఇంజిన్ ఆపేశాడు.

"అన్నా! వాడు రాజు కాదు. రజాక్!"

తిరుమల్ ఆగాడు. "ఏందీ?"

"రజాక్ అన్నా. అమ్మతోడు. క్యాలెండర్ కింద దుకాణం లైసెన్సు ఉంటది, చూడుండ్రి."

క్యాలెండర్ తీశారు. లైసెన్సు చదివారు.

కుట్టు మిషన్ రోడ్డు మీదికి వచ్చింది. చీటీలు గుచ్చిన జాకెట్లు మోరీలోకి వెళ్ళాయి. రాజును మెడ పట్టి ఈడ్చుకొచ్చారు.

"సైదులన్నా, నువ్వన్న చెప్పు జెర!" అని అరిచాడు రాజు.

సైదులు గ్లాసులు కడిగాడు. నాలుగూ కడిగి బోర్లించాడు. ఐదోది తిరుమల్‌ది. అది నిండుగానే ఉంది. జెండా కర్ర విరిగిన చప్పుడు వినపడింది. రాజు మళ్ళీ పిలవలేదు.

తిరుమల్ చెమట తుడుచుకుంటూ బండి దగ్గరికి వచ్చి ఐదో గ్లాసు తీసుకున్నాడు. అతని జేబులో సైదులు ఫోన్ టింగుమంది. కార్డు వచ్చింది.

"అన్నా, గా కార్డు..." అన్నాడు సైదులు.

తిరుమల్ రసం తాగి, ఫోన్ తీసి, చూడకుండానే ఐస్ డబ్బా మీద పెట్టాడు.

"ఇంక అక్కర్లేదన్నా. నీది దర్గా మొక్కు పేరని, నువ్వు పక్కా హిందువువని గా టైలర్ నెత్తి మీద చెయ్యి పెట్టుకొని ఒట్టేసిండు. మేం నమ్మి బైకులు తీసి పోతుంటిమి. నువ్వే పిలిచినవ్."